మాత్రతో తోడుకున్న పాలు

నేను ఒక జాడీని. పైసగం బెల్లపు పాకం రంగు, కిందిసగం మీగడ రంగు. మూత లేదు. మూత లేనిదాన్ని జాడీ అనవచ్చా అని మీకు సందేహం రావచ్చు. నలభై ఏళ్ల కిందట నాకూ వచ్చింది. అప్పటినుంచి అందరూ నన్ను పెరుగు జాడీ అనే పిలుస్తున్నారు కనుక ఆ విచారం మానేశాను.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. మట్టిని మెత్తగా కలిపారు, సారె మీద తిప్పారు, మెరుగు పూత పూశారు, బట్టీలో పెట్టారు. బట్టీ చల్లారే దాకా ఆగవలసిన మనిషి, ఆ రోజు ఇంట్లో చుట్టాలున్నారేమో, కాస్త ముందుగా తలుపు తీశాడు. చల్లగాలి తగిలి నా లోపలి పూత మీద వెంట్రుకల్లాంటి గీతలు పడ్డాయి. తనిఖీ చేసేవాడు వేలితో తట్టి చూశాడు. ఖంగుమన్నాను. నాకు ఢోకా లేదని పక్కన పెట్టేశాడు. లోపలికి తొంగిచూస్తే గీతలు కనిపించేవి గాని, మనుషులు సాధారణంగా శబ్దం బాగుంటే లోపలికి చూడరు. ఆ గీతల్ని మీరు మాత్రం గుర్తుపెట్టుకోండి. వాటితో ముందు పని ఉంది.

కోటప్పకొండ తిరునాళ్లలో ఒక తల్లి నన్ను కొన్నది. కూతురు హైమావతిని చీరాలకి కాపురానికి పంపుతూ, నా నిండా ఉసిరికాయ పచ్చడి పెట్టి, మూత మీద గుడ్డ కట్టి ఇచ్చింది. చీరాల బస్టాండులో సంచీ దించుతూ హైమావతి భర్త నా మూత పగలగొట్టాడు. "బస్సు కుదిపింది" అన్నాడు. బస్సు అప్పటికి ఆగి ఉంది. ఆ తరవాత ఆయన బతికిన ముప్పై అయిదేళ్లూ ఆ తప్పు బస్సుదే. ఆ ఇంటి గాలిలోనే ఏదో ఉంది. తప్పు జరిగితే ముందు ఎదురుగా కనిపించిన వస్తువు వంక చూస్తారు.

మూత లేని జాడీలో పచ్చడి బూజు పడుతుంది. అందుకని నన్ను పెరుగుకి మార్చారు, పైన ఒక పళ్లెం మూత. మొదట చిన్నతనంగా అనిపించింది. పచ్చడి జాడీని ఏడాదికోసారి తలుచుకుంటారు, పెరుగు జాడీని పూటపూటా. మూడో నెలకల్లా ఈ ఉద్యోగమే నయమనిపించింది.

హైమావతికి నా విషయంలో ఒక నియమం ఉంది. నాకు సబ్బు తగలకూడదు. సబ్బు వాసన పెరుగుకి ఎక్కుతుందట. మంచినీళ్లు, కొబ్బరిపీచు, అంతే. నిన్నటి పెరుగులో ఒక చెంచా రేపటి పాలకి తోడు. ఊరెళ్లవలసి వస్తే ఆ చెంచాడూ కింది వాటాలో ఉండే మెహరున్నీసా ఇంటికి వెళుతుంది. వాళ్లు ఊరెళితే వాళ్లది పైకి వస్తుంది. ఇరవై ఏళ్లలో ఏ తోడు ఏ ఇంటిదో విడదీయడం ఎవరి తరమూ కాదు. ఒక్కటే షరతు. దీపాలు పెట్టాక హైమావతి తోడు ఇవ్వదు. ఆ సంగతి తెలిసిన మెహరున్నీసా ఎండ ఉండగానే గిన్నె పట్టుకుని మెట్లెక్కుతుంది.

హైమావతి కొడుకు ఫణీంద్ర కరెంటాఫీసులో పనిచేస్తాడు. అతనికి పెళ్లయ్యాక ప్రవల్లిక వచ్చింది. బడిలో లెక్కల టీచరు. ఏ మాటకైనా "రుజువేంటి?" అంటుంది. వచ్చిన వారానికే నాకు ఆ పిల్ల నచ్చింది. భోజనం చివర పెరుగు గరిటెడు వేసుకుని, అన్నంతో కలిపి, మిగిలిన పలచటిది కంచం ఎత్తి తాగేసేది. హైమావతి అప్పుడు కిటికీలోంచి ఎదురింటి డాబాకేసి చూసేది. ఎదురింటి డాబా మీద చూడవలసినదేమీ లేదు.

మూడేళ్ల కిందట ప్రవల్లికకి మొదటిసారి నెల తప్పింది. నాలుగో నెలలో పోయింది. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం భరించలేక కాబోలు, హైమావతి నన్ను కడుగుతూ ఒక మాట అన్నది.

"మొన్న రాత్రి పెరుగు రెండుసార్లు వేసుకున్నావు కదూ. చలవ చేసిందేమో."

అంతే. అదేం తిట్టు కాదు. కోపంగానూ అనలేదు. డాక్టర్ ఇందుమతి అంతకు ముందే చెప్పి పంపింది, ఇది తిండి వల్ల కాదు, ఎవరి తప్పూ కాదు, ఇలా జరుగుతుంటాయి అని. కాని డాక్టరు పది వాక్యాలు ఒక పక్క, అత్తగారి ఒక్క వాక్యం ఒక పక్క పెడితే తక్కెడ ఎటు మొగ్గుతుందో మీకు తెలుసు. పెరుగు పులిస్తే మజ్జిగపులుసు పెట్టుకోవచ్చు. అనేసిన మాటని ఏం చేసుకుంటారు? హైమావతికి ఆ క్షణంలోనే తెలిసింది. నన్ను పట్టుకున్న చెయ్యి ఆగింది. కాని నోరు వెనక్కి తీసుకోలేదు.

ఆ రోజునుంచి ప్రవల్లిక నా జోలికి రాలేదు. చారుతో ముగించి లేచిపోయేది. రెండేళ్లపాటు ఒక బిడ్డ పోయిన నేరం మోశాను. మోయలేని బరువులు నాకు కొత్త కాదు గాని, అది వేరే రకం బరువు.

నిరుడు మార్చిలో ప్రవల్లికకి మళ్లీ అయిదో నెల. అంతా బాగుందనుకుంటుండగా మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. యాంటీబయాటిక్ వాడారు. అది తగ్గింది, కడుపు పాడయింది. తిన్నది ఇమడదు. రెండు వారాల్లో రెండు కిలోలు తగ్గింది. ఇందుమతి ఒక మాత్రల సీసా రాసిచ్చి, రోజుకొకటి వేసుకోమంది, పెరుగు తినమంది, వచ్చే వారానికి బరువు పెరగకపోతే ఆస్పత్రిలో చేర్చుకుని సెలైన్ పెడతానంది. ఆస్పత్రి అనగానే ప్రవల్లిక ముఖం పాలిపోయిందట. పోయినసారి తను చేరింది ఆ వార్డులోనే.

సీసా ఫ్రిజ్ తలుపులో, సరిగ్గా నాకెదురుగా వచ్చి కూర్చుంది. తెల్లటి ప్లాస్టిక్, నీలం మూత. మూత ఉన్నవాళ్లంటే నాకు కొంచెం అసూయ. దాని ఒంటి మీద, ఒక్కో మాత్రలో ఇన్ని వందల కోట్ల మంచి బాక్టీరియా ఉన్నాయని అచ్చు వేసి ఉంది. నలభై ఏళ్లుగా నేనూ అదే జనాన్ని మోస్తున్నాను. ఎన్నడూ జనాభా లెక్కలు తీయించి ఒంటి మీద రాయించుకోలేదు.

మూడు రోజులు గడిచినా సీసా సీలు ఊడలేదు. "వేసుకున్నావా?" అని ఫణీంద్ర అడిగేవాడు. "ఊఁ" అనేది. అతను నమ్మేవాడు. కరెంటు మీటరు తప్ప దేన్నీ అనుమానించే అలవాటు అతనికి లేదు. హైమావతి మాత్రం పాలు తీసుకోవడానికి ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా ఆ సీలు చూసేది. నాలుగో రోజు పొద్దున అడిగేసింది.

"ఎందుకు వేసుకోలేదమ్మాయ్?"

"అందులో బతికున్న క్రిములుంటాయి అత్తయ్యా."

"డాక్టరమ్మకి తెలీదా ఆ సంగతి?"

"తెలుసు. నాకూ తెలుసు, మంచివేనని. కానీ ఏదన్నా అయితే?"

"ఏమవుద్ది?"

"పోయినసారి కూడా ఏమీ కాదనే అనుకున్నాం."

హైమావతి గరిటె నాలో ముంచింది. "పోనీ పెరుగన్నా తినమంది కదా."

"వద్దులెండి. చలవ."

ప్రవల్లిక ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే భయపడి అంది. అదే ఘోరం. ఎత్తిపొడుపైతే హైమావతి దీటుగా బదులు చెప్పేది. తన మాటే కోడలి నోట్లో నిజమై కూర్చుంటే ఏం చెబుతుంది? గరిటె నాలో అలాగే ఉంచి, స్టవ్ మీద ఏమీ లేకపోయినా వెళ్లి స్టవ్ తుడిచింది.

ఆ రోజుల్లో ఒంటిపూట బడులు. ప్రవల్లిక పన్నెండున్నరకి ఇంటికొస్తుంది. పదకొండింటికి హైమావతి ఒక పని మొదలుపెట్టింది. నాలో ఉన్న పెరుగంతా స్టీలు గిన్నెలోకి తీసింది. నన్ను నీళ్లతో, పీచుతో రెండుసార్లు కడిగి ఎండలో ఆరబెట్టింది. పాలు కాచి, గోరువెచ్చగా అయ్యేదాకా చిటికెనవేలు ముంచి చూస్తూ కూర్చుంది. సగం నాలో పోసింది, సగం ఒక స్టీలు గ్లాసులో. తరవాత ఫ్రిజ్ తెరిచి, నీలం మూత తిప్పి, సీలు చింపింది. ఒక గొట్టం మాత్రని రెండు వేళ్లతో పట్టుకుని, చిక్కుడుగింజ తొక్క తీసినట్టు రెండుగా లాగింది. లోపలి తెల్లటి పొడి నా పాలలో వేసి, చెంచాతో తిప్పి, పళ్లెం మూత పెట్టింది. గ్లాసులో ఏమీ వేయలేదు. రెంటినీ వంటింటి గట్టు మీద పక్కపక్కన పెట్టి, కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది.

ప్రవల్లిక చెప్పులు విప్పి లోపలికొచ్చింది.

"ఏందత్తయ్యా, ఇక్కడ కూర్చున్నారు?"

"తోడు పెట్టాను."

"ఈ వేళప్పుడా?"

"నీ మందుతో."

ప్రవల్లిక సంచీ దించడం మర్చిపోయింది.

"పాలకంటే నిక్కచ్చి మనిషి లేదు," అన్నది హైమావతి. "చెడ్డది తగిలితే విరుగుద్ది. మంచిది తగిలితే తోడుకుంటది. మొహమాటం ఉండదు. చూద్దాం."

"ఒక్క గిన్నెతో రుజువు కాదు కదా. మందు వెయ్యని పాలు కూడా..."

"పెట్టా. అదిగో గ్లాసు. అవే పాలు, అదే వేడి. నన్నేమనుకుంటున్నావు, ఇంటర్లో బైపీసీ నాది."

ప్రవల్లిక రెండు నెలల తరవాత మొదటిసారి నవ్వింది. ఇంకో కుర్చీ తెచ్చుకుంది.

నాలుగింటికి మెహరున్నీసా గిన్నెతో వచ్చింది. ఒక వంటింట్లో ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడకుండా ఒక జాడీకేసి చూస్తూ కూర్చోవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఏంది అక్కా, ఎవరికన్నా బాలేదా?"

"తోడు తరవాత మెహరూ. పరీక్ష జరుగుతోంది."

"ఎవరు రాస్తున్నారు?"

"జాడీ."

సంగతి విని ఆమె గుమ్మంలోనే కూలబడింది. "అయితే ఫలితాలు దీపాల లోపే చెప్పాల. తోడుకుంటే నాకూ ఓ చెంచా ఇయ్యి. నెల తప్పే వయసు దాటిపోయింది గాని, గ్యాసు మాత్రం నన్నొదల్లేదు."

ఇక నా లోపల ఏం జరుగుతోందో చెప్పాలి. పొడి పాలలో పడగానే ఆ వందల కోట్ల జనం మెల్లిగా నిద్ర లేచారు. కొత్త ఊరు, కొత్త పాలు, కాస్త బిడియం. ఈలోగా నా గోడల మీది గీతల్లో చిన్న కదలిక మొదలయింది. నలభై ఏళ్లుగా సబ్బు తగలని గీతలవి. ఎంత పీచు పెట్టి తోమినా చేరలేని చోట మావాళ్లు కొందరు ఎప్పుడూ మిగిలే ఉంటారు. గోరువెచ్చటి పాల వాసన తగలగానే వాళ్లు ఎవరి పిలుపుకోసమూ ఆగలేదు. అలవాటైన పని. స్టీలు గ్లాసుకి గీతలు లేవు, సబ్బుతో తోమిన గ్లాసది. లెక్కల టీచరు ఆ తేడా చూడలేదు, బైపీసీ ఆవిడా చూడలేదు. చొక్కా చేతుల్లో చీటీలు పెట్టుకుని పరీక్ష రాసే పిల్లవాడి స్థితి నాది. నోరుంటే ఒప్పుకునేదాన్నేమో. లేనందుకు ఆ రోజు సంతోషించాను.

అయిదున్నరకి హైమావతి లేచింది. పళ్లెం తీసే ముందు చేతులు కొంగుకి తుడుచుకుంది. తీసింది. నన్ను మెల్లగా పక్కకి వంచింది. పాలు కదలలేదు. కత్తితో కోసినట్టు గట్టి పెరుగు, నున్నటి ముఖం. గ్లాసు వంచింది. పాలు పాలలాగే జారాయి. ప్రవల్లిక గ్లాసు తీసుకుని తనూ ఒకసారి వంచి చూసింది, తరవాత నన్ను వంచింది, మళ్లీ గ్లాసుని.

"ఇంతకీ పాసా, ఫెయిలా?" అని గుమ్మంలోంచి మెహరున్నీసా.

"పాస్," అన్నది ప్రవల్లిక.

హైమావతి చెంచాతో నాలోంచి ఒక ముక్క కోసి ముందు తన నోట్లో వేసుకుంది. మింగింది. కోడలి వంక కాకుండా నా వంకే చూస్తూ మాట్లాడింది.

"ఆ రోజు నేనన్నది తప్పు. దీనివల్ల కాదు. నీవల్లా కాదు. ఏదో ఒకదాని మీద వెయ్యకపోతే నాకు ఊపిరాడలా. చేతిలో ఇదుంది. అనేశా."

మెహరున్నీసా ఉన్నట్టుండి తన గిన్నె అడుగుని శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టింది. ఎదురింటి డాబాలాగే ఆ గిన్నెలోనూ చూడవలసినదేమీ లేదు.

ప్రవల్లిక గ్లాసు గట్టు మీద పెట్టింది. "రెండేళ్లు అత్తయ్యా," అన్నది. "ప్రతిరోజూ ఆ రాత్రి ఎన్ని గరిటెలు వేసుకున్నానా అని లెక్కపెట్టుకున్నా."

"తెలుసు."

"తెలిసీ ఊరుకున్నారు."

"ఊరుకున్నా. ఎట్టా మొదలుపెట్టాలో తెలీలా. మా అత్తగారు తప్పయిందని నాకెప్పుడూ చెప్పలేదు, చూసి నేర్చుకోడానికి."

ప్రవల్లిక ముక్కు చీదుకుంది. "అన్నం ఉందా?" అన్నది.

ఉంది. వేడిగా లేదు, ఫరవాలేదంది. నాలోంచి గరిటెడు వేసుకుని, ఉప్పు ఎక్కువైందని మళ్లీ వేసుకుని, ఒక మామిడికాయ ముక్క నంజుకుని తింది. చివర కంచం ఎత్తి తాగింది. హైమావతి ఈసారి కిటికీకేసి తిరగలేదు. దీపాలకి ఇంకా పావుగంట ఉండగా మెహరున్నీసా తన చెంచాడు తోడు తను తీసుకుని వెళ్లింది.

మర్నాడు పొద్దున సీసా తెరిచినప్పుడు ప్రవల్లిక చెయ్యి మళ్లీ ఆగింది. పెరుగు వేరు, మాత్ర వేరు. భయం ఒక్క పూటలో పోదు. హైమావతి సీసా లాక్కుని ఒక మాత్ర గుటుక్కున మింగి, నీళ్లు తాగి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"చూడు. నిలబడే ఉన్నానుగా. ఇక నువ్వు."

ఆ పద్ధతి రోజూ సాగింది. ముందు అత్త, తరవాత కోడలు. పదిహేనో రోజుకి సీసా ఖాళీ. రెండోసారి బరువు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఇంకో సీసా రాయమని ఫణీంద్ర అడిగాడట. ముప్పై రోజుల మందు పదిహేను రోజుల్లో ఎలా అయిందని ఇందుమతి కళ్లజోడు పైనుంచి చూసిందట. ప్రవల్లిక నిజం చెప్పింది. డాక్టరు కాసేపు కాగితం మీదే చూసి, "మీ అత్తగారికి ఎన్నో నెల?" అని అడిగిందట. ఫణీంద్ర ఇంటికొచ్చి ఈ మాట చెబితే హైమావతి మూడు రోజులు అతనితో సరిగా మాట్లాడలేదు. డాక్టరు మీద కోపం కొడుకు మీద తీర్చుకోవడం ఆ ఇంటి పద్ధతికి విరుద్ధమేమీ కాదు.

కడుపు కుదుటపడింది. బరువు కిలోన్నర పెరిగింది. ఆస్పత్రిలో చేరే అవసరం రాలేదు. మాత్ర వల్లేనా అని ప్రవల్లిక అడిగితే, "కొంత కావచ్చు. అది తాయెత్తు కాదమ్మా, కడుపు సర్దుకోడానికి ఇచ్చాను. బరువు పెరిగింది నువ్వు అన్నం తిన్నందుకు" అన్నదట ఇందుమతి. నాకు ఆ డాక్టరు మీద గౌరవం పెరిగింది. తను రాసిచ్చిన మందుని అంత తక్కువగా పొగిడే డాక్టర్లు అరుదు.

జులైలో ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోలు, గొంతు మాత్రం పది కిలోలు.

పురిటి హడావుడిలో ఫణీంద్ర ఫ్రిజ్‌లో ఒక పెద్ద బూడిదగుమ్మడికాయ సర్దబోయి నన్ను కింద పడేశాడు. ముక్కలవలేదు గాని, అడుగున నిజమైన బీట పడింది. "జాడీకి ముందే బీటలున్నాయమ్మా" అన్నాడు వెంటనే. వాళ్ల నాన్న పోలిక. హైమావతి అతనికేసి చూసింది. అతను గుమ్మడికాయ కింద పెట్టి, "నా చెయ్యే జారింది," అన్నాడు. ఆ ఇంట్లో అది రెండో ఒప్పుకోలు. నా అడుగు పోయినా నాకు బాధ కలగలేదు.

పాలు నిలవని జాడీ పెరుగుకి పనికిరాదు. ఇప్పుడు వంటింటి కిటికీలో గరిటెలు, అట్లకాడ, పప్పుగుత్తి పట్టుకుని నిలబడ్డాను. వెలుతురు బాగా వస్తుంది. తోడు ఒక స్టీలు డబ్బాలోకి మారింది. నీలం మూత ఖాళీ సీసా పారేయకుండా దాచారు. ఇప్పుడు మెహరున్నీసా ఇంటికి తోడు అందులోనే వెళుతుంది. ఒంటి మీది అంకెలు సగం చెరిగిపోయాయి. జనాభా మాత్రం తగ్గలేదు. ఆ పరీక్ష రోజు పాలని తోడుపెట్టింది మాత్రవాళ్లా, మావాళ్లా అని మీరు అడగవచ్చు. ఆ పెరుగులోంచే ఈ పెరుగు, ఈ పెరుగులోంచే రేపటిది. ఎవరు ఎవరో నాకే తెలియదు. తెలిసినా ఆ సాయంత్రం ఆ ముఖాలు చూసినదాన్ని, నోరు విప్పను.

మొన్న మళ్లీ ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ప్రవల్లిక బడినుంచి వచ్చి పిల్లని గట్టు మీద కూర్చోబెట్టింది. ఎనిమిది నెలలు నిండాయి. మెత్తగా పిసికిన అన్నంలో పెరుగు కలిపి, వెండి గిన్నెలో పెట్టి హైమావతి చేతికిచ్చింది. హైమావతి ఒక ముద్ద వేలి మీద తీసుకుని పిల్ల నోటిదాకా తెచ్చింది.

"చలవ చే..." అని, ఠక్కున పెదాలు బిగించింది.

నా గరిటెలు కూడా కదలలేదు.

"చలవే అత్తయ్యా," అన్నది ప్రవల్లిక, పిల్ల మెడకింద గుడ్డ సర్దుతూ. "బయట ఎండ మండిపోతోంది. కాస్త చెయ్యనీయండి."

హైమావతి ముద్ద పెట్టింది. పిల్ల ముఖం చిట్లించి, ఆలోచించి, మింగింది. ఇంకో రెండు ముద్దలయ్యాక అవ్వ చేతికోసం ఆగకుండా గిన్నెని రెండు చేతులతో లాక్కుని, ఎత్తి, నోటికి పెట్టుకుంది. సగం నోట్లోకి, సగం మెడలోకి.

"ఇదెక్కడ నేర్చింది?" అన్నది హైమావతి, సూటిగా కోడలికేసి చూస్తూ.

ప్రవల్లిక కిటికీలోంచి ఎదురింటి డాబాకేసి చూసింది. మధ్యలో నేనున్నాను. నాకు మాత్రం ఇద్దరి ముఖాలూ కనిపించాయి.